ట్రెబుషె: లెక్కలోని దూరం, నేల మీది దూరం

మధ్యయుగంలో కోటలను ముట్టడించడానికి వాడిన రాళ్లు విసిరే యంత్రం ట్రెబుషె. దూలానికి ఒక కొసన కట్టిన బరువు కిందికి దిగుతుంటే, రెండో కొసన వడిసెలలో పెట్టిన రాయి పైకి లేచి, గిర్రున తిరిగి, దూరంగా వెళ్లి పడుతుంది. ఫిరంగులు వచ్చాక యుద్ధరంగంలో దీని పని అయిపోయింది. ఇప్పుడు దీన్ని చిన్న పరిమాణంలో తయారుచేసేవారు ఎక్కువగా ఇంజనీరింగ్ విద్యార్థులు, ఫిజిక్స్ ఉపాధ్యాయులు, వడ్రంగం మీద మక్కువ ఉన్నవారు.

ఇది ఎంత దూరం విసరాలో చెప్పే ప్రాథమిక సూత్రం ఒక్క వరుసలో ఇముడుతుంది. పెరట్లో చేసిన యంత్రం సాధారణంగా అందులో సగం దూరం కూడా విసరదు. ఆ తేడా ఎక్కడ పుడుతుందో, ఏ కారణం వాటా ఎంతో చాలావరకు లెక్కగట్టవచ్చు. ఈ వ్యాసం ఆ లెక్కల సమీక్ష.

నిర్మాణం, పనిచేసే తీరు

యంత్రంలో ముఖ్యమైన భాగాలు ఆరు: చట్రం, దాని మీద ఇరుసు, ఇరుసు మీద తిరిగే దూలం, దూలం పొట్టి కొసకు వేలాడే ప్రతిభారం, పొడుగు కొసకు కట్టిన వడిసెల, వడిసెలను సమయానికి వదిలిపెట్టే మేకు. నూతి మీద ఏతం చూసినవారికి ఇందులో దూలం సంగతి కొత్త కాదు. వడిసెల తాళ్లలో ఒకటి దూలానికి శాశ్వతంగా కట్టి ఉంటుంది. రెండో తాడు చివరి ఉంగరాన్ని దూలం కొసనున్న మేకుకు తగిలిస్తారు.

దూలాన్ని పట్టి ఉంచిన గొళ్లెం తీయగానే ప్రతిభారం పడడం మొదలవుతుంది. వడిసెల మొదట నేల మీది పలకపై జారుతూ వచ్చి, తర్వాత గాలిలోకి లేచి, దూలం కంటే వేగంగా తిరుగుతుంది. ఒక కోణం దాటాక ఉంగరం మేకు మీంచి జారిపోయి రాయి విడుదలవుతుంది. బాగా కుదిరిన యంత్రంలో ఆ క్షణానికి దూలం దాదాపు నిలువుగా ఉంటుంది, దాని వేగం బాగా తగ్గిపోతుంది, ప్రతిభారం ఇంచుమించు ఆగిపోతుంది. శక్తి బరువు నుంచి దూలానికి, దూలం నుంచి రాయికి చేరిందనడానికి గుర్తు అదే.

చరిత్ర

తాళ్లు పట్టుకుని మనుషులు లాగే రకం ముందుగా చైనాలో పుట్టింది. బరువుతో నడిచే రకం 12వ శతాబ్దంలో మధ్యధరా ప్రాంతంలో వ్యాపించింది. ఈజిప్టు సుల్తాను సలాదీన్ కోసం అల్ తర్సూసీ రాసిన ఆయుధ గ్రంథంలో దీని వర్ణన ఉంది. 13వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన విల్లార్ ద ఒన్నెకూర్ తన చిత్రాల పుస్తకంలో దీని అడుగు చట్రం గీశాడు. 1273లో ముగిసిన షియాంగ్‌యాంగ్ ముట్టడిలో మంగోలుల కోసం ఇస్మాయిల్, అలావుద్దీన్ అనే పశ్చిమాసియా నిపుణులు ఇలాంటి యంత్రాలు కట్టారు. 1304లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ స్కాట్లండ్‌లోని స్టర్లింగ్ కోట మీదికి ‘వార్‌వుల్ఫ్’ అనే భారీ యంత్రాన్ని కట్టించాడు. కోటలోనివారు లొంగిపోతామన్నా, ముందు దాన్ని ప్రయోగించి చూశాకే ఒప్పుకున్నాడు.

తెలుగు నేలకూ ఈ చరిత్రతో సంబంధం ఉంది. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించిన ఘట్టాన్ని వర్ణిస్తూ కవి అమీర్ ఖుస్రో ‘ఖజాయిన్ ఉల్ ఫుతూహ్’లో రాళ్లు విసిరే యంత్రాలను ప్రస్తావించాడు. అక్కడి మట్టికోట గోడ ఎంతటి దెబ్బకైనా చలించనంత గట్టిదని రాశాడు.

వీటిని కట్టిన శిల్పుల చేతిలో నేటి సూత్రాలేవీ లేవు. విసిరిన వస్తువు పరావలయంలో పోతుందని గెలీలియో ప్రచురించింది 1638లో. గాలి నిరోధం ఎంత పెద్దదో బెంజమిన్ రాబిన్స్ ప్రయోగాలతో చూపింది 1742లో. ఇలాంటి అనుసంధాన యంత్రాల చలనాన్ని రాయడానికి తేలికైన పద్ధతిని లగ్రాంజ్ గ్రంథరూపంలో ఇచ్చింది 1788లో. యంత్రం ముందు పుట్టింది, దాని లెక్క కొన్ని వందల ఏళ్ల తర్వాత వచ్చింది.

సిద్ధాంతం: మూడు మెట్లు

మొదటి మెట్టు శక్తి నిత్యత్వం. ప్రతిభారం దిగడంవల్ల వచ్చిన స్థితిజ శక్తి మొత్తం రాయికి గతిజ శక్తిగా మారిందని, రాయి 45 డిగ్రీల కోణంలో విడుదలైందని, గాలి లేదని అనుకుంటే:

దూరం = 2 × (ప్రతిభారం ÷ రాయి బరువు) × ప్రతిభారం దిగిన ఎత్తు

గురుత్వ త్వరణం రెండు వైపులా కొట్టివేయబడుతుంది కనుక సూత్రంలో అది కనిపించదు. ఈ దూరం ఒక ఆదర్శ కొలమానం. నిజంగా పడిన దూరాన్ని దీనితో భాగిస్తే వచ్చేదాన్ని దూర సామర్థ్యం అంటారు.

రెండో మెట్టులో దూలాన్ని కదిలే వస్తువుగా చూస్తాం. వడిసెల లేకుండా, రాయిని దూలం కొసనే పెట్టి, ప్రతిభారాన్ని రెండో కొసకు బిగించామనుకుందాం. భుజాల నిష్పత్తి 4:1 అయితే రాయి వేగంలో నాలుగో వంతు వేగంతో ప్రతిభారం కదలక తప్పదు. ప్రతిభారం రాయికి 100 రెట్లు ఉంటే, దాని గతిజ శక్తి రాయి గతిజ శక్తికి 6.25 రెట్లు అవుతుంది. అంటే దూలానికి బరువే లేదనుకున్నా రాయికి దక్కేది మొత్తంలో 14 శాతమే. మిగతాదంతా ప్రతిభారం దగ్గరే ఉండిపోయి, చివరికి చట్రాన్ని కుదిపేస్తుంది. వడిసెల, వేలాడే ప్రతిభారం కలిసి విప్పే చిక్కు ఇదే. దూలం నెమ్మదించినా వడిసెల తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, బరువు ఆగిపోయినా రాయి వేగంగా ఉండగలుగుతుంది.

మూడో మెట్టులో దూలం కోణం, వడిసెల కోణం, ప్రతిభారం వేలాడే కోణం మూడింటినీ విడివిడి చలరాశులుగా తీసుకుని లగ్రాంజ్ సమీకరణాలు రాస్తారు. వాటికి కాగితం మీద తేలే సమాధానం లేదు. కంప్యూటర్ చిన్న చిన్న కాలవ్యవధులుగా లెక్కించుకుంటూ పోవాలి. డొనాల్డ్ సియానో 2001లో ఈ పద్ధతిలో రకరకాల అమరికలను పోల్చి చూశాడు. మార్క్ డెన్నీ 2005లో ‘యూరోపియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్’లో ముట్టడి యంత్రాల గతిశాస్త్రంపై వ్యాసం ప్రచురించాడు. ఔత్సాహికులు వాడే కంప్యూటర్ నమూనాల పునాది ఈ సమీకరణాలే. వారిలో స్థిరపడిన కొండగుర్తులు మూడు: పొడుగు భుజం పొట్టి భుజానికి నాలుగు రెట్లకు అటూ ఇటూ, వడిసెల ఇంచుమించు పొడుగు భుజమంత, ప్రతిభారం రాయికి వంద రెట్ల ప్రాంతంలో.

ఒక నమూనా లెక్క

పెరట్లో కట్టగల యంత్రాన్ని ఊహిద్దాం. దూలం 3 మీటర్లు, బరువు 3 కిలోలు. పొడుగు భుజం 2.4 మీటర్లు, పొట్టి భుజం 0.6 మీటరు. ప్రతిభారం 16 కిలోల ఇసుక, అది దిగే ఎత్తు 1 మీటరు. విసిరే వస్తువు 160 గ్రాముల క్రికెట్ బంతి.

మొదటి మెట్టు సూత్రం ప్రకారం ఇది 200 మీటర్లు విసరాలి. బంతి సెకనుకు 44 మీటర్ల వేగంతో బయలుదేరాలి.

ఇప్పుడు శక్తి పద్దు చూద్దాం. ప్రతిభారం దిగితే వచ్చేది 157 జౌళ్లు. దూలం గరిమనాభి ఇరుసు నుంచి పొడుగు భుజం వైపు 0.9 మీటరు దూరంలో ఉంది. వాలుగా కిందికి ఉన్న దూలం నిలువుగా లేచేసరికి ఆ బిందువు సుమారు 1.5 మీటర్లు పైకి పోతుంది. అందుకు 44 జౌళ్లు ఖర్చు. బంతిని నేల నుంచి విడుదల చోటికి, అంటే సుమారు 5 మీటర్ల ఎత్తుకు లేపడానికి మరో 8 జౌళ్లు. మిగిలిన 105 జౌళ్లలో కొంత దూలం ఇంకా తిరుగుతూ ఉంచుకుంటుంది, కొంత ప్రతిభారం ఊగులో పోతుంది, కొంత ఇరుసు ఘర్షణకు పోతుంది. బంతికి 70 జౌళ్లు దక్కాయనుకుంటే అది 45 శాతం. చేతి పనికి అది మంచి ఫలితమే. అప్పుడు బంతి వేగం సెకనుకు 30 మీటర్లు, గాలి లేకపోతే దూరం 90 మీటర్లు.

గాలిని కలిపితే ఆ 90 కాస్తా సుమారు 63 అవుతుంది. ఉంగరం కాస్త ముందే జారి బంతి 45కు బదులు 60 డిగ్రీల కోణంలో లేస్తే దూరం దాదాపు 55కు దిగుతుంది. విడుదల చోటు ఎత్తుగా ఉండడంవల్ల రెండు మూడు మీటర్లు కలిసివస్తాయి. చివరికి బంతి పడేది 55, 60 మీటర్ల మధ్య. సూత్రం చెప్పిన దూరంలో నాలుగో వంతుకు కాస్త పైన.

తేడాకు కారణాలు

*దూలం బరువు.* ఇంటి యంత్రాల్లో అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే. పై ఉదాహరణలో దూలాన్ని లేపడానికే దాదాపు 28 శాతం శక్తి పోయింది. తిప్పడానికయ్యే ఖర్చు వేరే. ఆ దూలం జడత్వ భ్రామకం, అంటే తిప్పడానికి అది చూపే ప్రతిఘటన, 4.7 యూనిట్లయితే, బంతిని దూలం కొసన పెట్టినప్పుడు దాని వాటా 0.9 మాత్రమే. యంత్రం ప్రధానంగా విసురుతున్నది తన దూలాన్నే. పొడుగు భుజాన్ని కొస వైపు సన్నగా చెక్కడం అందుకే లాభం. కొసలోని గ్రాము ఇరుసు దగ్గరి గ్రాము కంటే చాలా ఖరీదైనది. అయితే మరీ సన్నబడితే దూలం వంగి, వంగడంలో శక్తిని మింగి, విడుదల సమయాన్ని కూడా మార్చేస్తుంది.

*విడుదల క్షణం.* విడుదల దగ్గరపడే వేళకు బంతి ప్రయాణించే దిశ చాలా వేగంగా మారుతుంటుంది. బంతి వేగం సెకనుకు 30 మీటర్లు, దాని దారి వంపు వ్యాసార్ధం 3 మీటర్లు అనుకుంటే, దిశ సెకనుకు 570 డిగ్రీల చొప్పున తిరుగుతుంది. సెకనులో నలభయ్యో వంతు తేడా వస్తే చాలు, కోణం దాదాపు 15 డిగ్రీలు తప్పుతుంది. మేకు వంపు, దాని నునుపు, ఉంగరం మందం, తాడు తడిసిందా ఎండిందా అనేవన్నీ ఈ కాలాన్ని మారుస్తాయి. ఉంగరం ముందే జారితే బంతి నిట్టనిలువుగా లేస్తుంది, ఒక్కోసారి వెనక్కి పడుతుంది. ఆలస్యంగా జారితే యంత్రం ముందు నేలను కొడుతుంది. కంప్యూటర్ నమూనాలో విడుదల కోణం మనం టైపు చేసే ఒక అంకె. యంత్రంలో అది ఆకురాయితోనూ పట్టకారుతోనూ సాధించుకోవలసిన పని.

*గాలి నిరోధం.* గాలిలో స్వేచ్ఛగా పడే వస్తువు ఒక దశలో అందుకునే స్థిరవేగాన్ని చరమ వేగం అంటారు. క్రికెట్ బంతికి అది సెకనుకు సుమారు 38 మీటర్లు, టెన్నిస్ బంతికి సుమారు 22. విసిరే వేగం చరమ వేగానికి దగ్గరైతే గాలి నిరోధం బంతి బరువుతో సమానమవుతుంది. దాన్ని దాటితే పరావలయం అనే మాటకే అర్థం ఉండదు. పై యంత్రంలోనే 58 గ్రాముల టెన్నిస్ బంతి పెడితే ఆదర్శ సూత్రం 550 మీటర్లు చూపిస్తుంది. అదే 45 శాతం శక్తి అందిందనుకున్నా గాలి లెక్క వేస్తే అది 60 మీటర్లు కూడా దాటదు, అంటే క్రికెట్ బంతి కంటే వెనకే పడుతుంది. పైగా రాయి తేలికయ్యేకొద్దీ యంత్రం దానికి అందించే శక్తి వాటా కూడా తగ్గుతుంది. తేలికైన రాయి ఎక్కువ దూరం పోతుందన్న సూత్రం ఇంటి యంత్రాల్లో తలకిందులయ్యేది ఇక్కడే. గాలి ఉన్నప్పుడు మేలైన కోణం 45 కంటే తక్కువన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

*చట్రం, ఇరుసు.* బోల్టులు వదులైన చట్రం ప్రతి విసురుకూ ఊగి శక్తిని తింటుంది. చక్రాల మీద నిలిపిన చట్రం కథ వేరు. ప్రతిభారం పడుతుంటే అది ముందుకూ వెనక్కూ కదిలి, బరువు మరింత నిటారుగా దిగేలా చేస్తుంది. అందువల్ల బిగించిన బరువున్న యంత్రాల సామర్థ్యం పెరుగుతుంది. ఈ ఆలోచననే ఇంకా ముందుకు తీసుకుపోయింది తేలే దూలం నమూనా. అందులో బరువు నిలువు గాడిలో తిన్నగా పడుతుంది, ఇరుసు అడ్డ పట్టాల మీద దొర్లుతుంది. ఇరుసు ఘర్షణ విషయానికి వస్తే, గ్రీజు రాసిన ఇనుప కడ్డీ వాడితే అది చిన్న పద్దే. కర్రలో కర్ర తిరిగితే మాత్రం విస్మరించరానిది.

పోల్చే పద్ధతి

బంతి పడిన దూరం ఒక్కటే కొలిచి సూత్రంతో పోల్చేవారికి తేడా తెలుస్తుంది, కారణం తెలియదు. శక్తి నష్టం, కోణం తప్పు, గాలి అన్నీ ఆ ఒక్క అంకెలో కలిసిపోతాయి. వాటిని విడదీయడానికి విడుదల వేగం, విడుదల కోణం వేరుగా కొలవాలి.

నేటి ఫోన్లలోని స్లోమోషన్ కెమెరా ఇందుకు సరిపోతుంది. సెకనుకు 240 ఫ్రేములు తీస్తే 30 మీటర్ల వేగంతో పోయే బంతి ఫ్రేముకు 12.5 సెంటీమీటర్లు కదులుతుంది. సెకనుకు 30 ఫ్రేములతో తీస్తే ఒక్కో ఫ్రేముకు మీటరు కదులుతుంది కనుక కొలతకు పనికిరాదు. కెమెరాను విసిరే దిశకు లంబంగా, స్టాండు మీద, దూరంగా పెట్టాలి. బంతి పోయే తలంలోనే తెలిసిన పొడవున్న కర్ర ఒకటి నిలపాలి. ‘ట్రాకర్’ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఫ్రేము తర్వాత ఫ్రేము బంతి స్థానాన్ని గుర్తించి వేగం, కోణం ఇస్తుంది.

దూలం జడత్వ భ్రామకాన్ని కొలవడం ఇంకా సులువు. ప్రతిభారం, వడిసెల తీసేసి దూలాన్ని ఇరుసు మీద లోలకంలా కొద్దిగా ఊగనివ్వాలి. పది ఊగులకు పట్టిన కాలం, దూలం బరువు, గరిమనాభి దూరం తెలిస్తే చాలు. మన ఉదాహరణలోని దూలానికి ఒక్కో ఊగుకు సుమారు 2.6 సెకన్లు రావాలి. ఊగులు ఎంత త్వరగా చచ్చుబడుతున్నాయో చూస్తే ఇరుసు ఘర్షణ కూడా అంచనాకు అందుతుంది.

ఈ కొలతలను కంప్యూటర్ నమూనాలో పెట్టి, అది చెప్పిన విడుదల వేగాన్ని వీడియోలోని వేగంతో పోల్చాలి. ఆ రెండూ దగ్గరగా ఉండి దూరం మాత్రం తేడా వస్తే కారణం కోణమో గాలో అని తేలుతుంది. వేగంలోనే తేడా ఉంటే చట్రం, దూలం, వడిసెల జారే పలక వంక చూడాలి. ఒక్కో అమరికలో పలుమార్లు విసిరి, సగటుతోపాటు చెదురు ఎంతో రాసుకోవాలి. ఒకసారి ఒక్క మార్పే చేయాలి. వడిసెల పొడవూ మేకు వంపూ ఒకేసారి మారిస్తే ఫలితం ఏ మార్పు పుణ్యమో చెప్పలేం.

పెద్ద పునర్నిర్మాణాలు

ఫ్రాన్స్ పాలకుడు మూడో నెపోలియన్‌కు ఫిరంగుల చరిత్ర మీద ఆసక్తి. ఆయన ప్రోద్బలంతో 1850లో కెప్టెన్ ఫావే పది మీటర్ల పైచిలుకు దూలంతో, నాలుగున్నర టన్నుల బరువుతో ఒక ట్రెబుషె కట్టించాడు. అది ఫిరంగి గుండును 200 మీటర్ల లోపే విసిరింది. డెన్మార్క్‌లో నికోబింగ్ ఫాల్‌స్టర్ దగ్గరి మధ్యయుగ కేంద్రం 1989లో తన యంత్రాన్ని నిలబెట్టింది. ఇంగ్లండ్‌లో హ్యూ కెనడీ 1990ల తొలినాళ్లలో పియానోలు, పాత కార్లు విసిరే భారీ యంత్రంతో పేరుపొందాడు. అమెరికాలో డెలావేర్ రాష్ట్రంలో 1986లో మొదలైన గుమ్మడికాయలు విసిరే పోటీలో ట్రెబుషెలకు ప్రత్యేక విభాగం ఏర్పడింది.

లెక్కకు బాగా పనికొచ్చే ఉదాహరణ ఇంగ్లండ్‌లోని వార్విక్ కోటలో 2005లో నిలిపిన యంత్రం. ఎత్తు 18 మీటర్లు, మొత్తం బరువు 22 టన్నులు, ప్రతిభారం సుమారు 6 టన్నులు. 2006లో అది 13 కిలోల గుండును 249 మీటర్లు విసిరింది. గాలి లేదనుకున్నా ఆ దూరానికి గుండు సెకనుకు కనీసం 49 మీటర్ల వేగంతో బయలుదేరాలి. అందుకు సుమారు 16 కిలోజౌళ్లు కావాలి. 6 టన్నులు ఒక్క మీటరు దిగితేనే 59 కిలోజౌళ్లు వస్తాయి, అంత పెద్ద యంత్రంలో బరువు దిగేది అంతకంటే చాలా ఎక్కువ. కాబట్టి ఆ విసురులో దూర సామర్థ్యం చాలా తక్కువ. దీన్ని యంత్రం లోపమనలేం. బరువైన రాళ్లు విసరడానికి కట్టిన యంత్రంలో తేలికైన గుండు పెడితే శక్తిలో పెద్ద భాగం దూలంలోనూ ప్రతిభారంలోనూ మిగిలిపోతుంది. కోటగోడ పగలగొట్టాలనుకున్న సేనానికి దూరం కంటే రాయి బరువు, పదేపదే అదే చోట తగిలించే నిలకడ ముఖ్యం.

భద్రత

పద్దులో బంతికి చేరని శక్తి ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. విరిగిన దూలం, తెగిన తాడు, వెనక్కి వచ్చిన బంతి దాని రూపాలే. 2002లో ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్‌లో మనుషులను విసిరే ట్రెబుషె మీదికెక్కిన ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి ఒకరు వలలో పడక మరణించాడు. ఇంటి యంత్రమైనా బరువు పైకెత్తాక దూలం తిరిగే దారిలో ఎవరూ నిలబడకూడదు. గొళ్లేన్ని పొడవాటి తాడుతో పక్క నుంచి లాగాలి. ముందువైపుతోపాటు వెనకవైపు కూడా ఖాళీగా ఉండాలి. రాయి లేకుండా ఉత్తగా వదిలితే శక్తంతా చట్రం మీదే పడుతుంది కనుక ఆ పని చేయకూడదు.

అంచనా

శక్తి నిత్యత్వ సూత్రం ట్రెబుషెకు పైకప్పు ఎత్తు చెబుతుంది, యంత్రం పనితీరు చెప్పదు. మూడు కోణాల సమీకరణాల్లో దూలం నిజమైన బరువు, కొలిచిన జడత్వ భ్రామకం, వీడియోలో చూసిన విడుదల కోణం, బంతికి తగిన గాలి నిరోధం పెడితే లెక్కలోని దూరం నేల మీది దూరానికి దగ్గరగా వస్తుంది. ఇంట్లో కట్టేవారు దూరాన్ని పెంచుకోవడానికి ముందుగా పట్టించుకోవలసినవి మూడు: దూలం కొసను తేలిక చేయడం, మేకు వంపును సరిదిద్దడం, చిన్నదీ బరువైనదీ అయిన బంతిని ఎంచుకోవడం. ప్రతిభారం పెంచే ఆలోచన వీటి తర్వాతే చేయాలి.